అసలు, నకలు, నకిలీ: గుంటూరు, ప్రకాశం రేగడి ప్రాంతంలో వాహన ఫిల్టర్ల ఎంపిక - పదాలు, ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప సాగు ప్రాంతంలో ట్రాక్టర్లకు, సరుకు రవాణా వాహనాలకు గాలి ఫిల్టరు, ఆయిలు ఫిల్టరు కొనేటప్పుడు 'ఒరిజినల్', 'డూప్లికేట్' అనే రెండు మాటలే వ్యవహారంలో ఉన్నాయి. బజారులోని సరుకు మాత్రం మూడు రకాలు. వాహన సంస్థ పేరుతో వచ్చేది ఒకటి, ఫిల్టర్ల తయారీ సంస్థ తన సొంత పేరుతో అమ్మేది రెండవది, ఇతరుల పేరు దొంగిలించి అమ్మేది మూడవది. రెండు మాటల్లో మూడు వస్తువులను ఇరికించడం వల్ల కొనేవారికి కలిగే నష్టాన్ని, ఆ మూడింటినీ విడదీసి చూడడానికి పనికివచ్చే సాంకేతిక ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వృత్తిపదాలు, ఫిల్టరు, వడపోత, అసలు, నకలు, నకిలీ, ట్రాక్టరు, రేగడి.

1. ఉపోద్ఘాతం:

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. 2022 ఏప్రిల్ 4న అమల్లోకి వచ్చిన జిల్లాల పునర్విభజనతో గుంటూరు జిల్లా నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ప్రకాశంలోని పర్చూరు, ఇంకొల్లు వంటి మండలాలు బాపట్లలో చేరాయి. సరిహద్దులు మారినా నేల, పంట, దారి మారలేదు. వేసవి దుక్కిలో ఎండిన రేగడి గడ్డ రోటవేటరు కింద పిండిపిండి అయి లేస్తుంది. గాలివాలు వెనుక నుండి ఉంటే ఆ దుమ్మంతా ట్రాక్టరుతో పాటే ముందుకు సాగుతుంది. పత్తితీతల కాలంలో బోరేలు, జనవరి చివరి నుండి మిర్చి టిక్కీలు డొంకల మీదుగా తారురోడ్డు ఎక్కుతాయి. పత్తి జిన్నింగు మిల్లులకు, మిరప గుంటూరు మిర్చియార్డుకు లేదా శీతల గిడ్డంగులకు చేరుతుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా ఈ రాకపోకలకు తెరపి ఉండదు.

ఈ పని అంతా డీజిలు ఇంజన్లదే. పీల్చిన గాలిలోని దుమ్మును ఒక ఫిల్టరు, కందెనగా తిరిగే ఆయిల్లోని మలినాన్ని మరొక ఫిల్టరు ఆపకపోతే ఇంజను ఆయువు సంవత్సరాల నుండి నెలలకు తగ్గుతుంది. ఫిల్టరు వెల వందల్లో ఉంటుంది. అది చేయవలసిన పని చేయనప్పుడు వచ్చే బోరు పని, రింగులు, పిస్టన్ల మార్పు, బేరింగుల ఖర్చు వేలల్లో ఉంటుంది. దుక్కి అదునులోనో కోతల మధ్యలోనో బండి షెడ్డులో నిలిచిపోవడం వల్ల పోయే రోజులు ఆ లెక్కలోకి రావు. కాబట్టి 'ఏ ఫిల్టరు వేయించాలి' అనేది మెకానిక్కుకు మాత్రమే సంబంధించిన చిన్న ప్రశ్న కాదు. దానికి సమాధానం చెప్పడానికి ఉపయోగిస్తున్న మాటలు ఆ పనికి చాలుతున్నాయా అన్నది ఈ వ్యాసం మొదట పరిశీలించే అంశం.

2. అసలు - నకలు - నకిలీ:

'అసలు', 'నకలు' రెండూ అరబ్బీ మూలం నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన మాటలు. అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. 'నక్ల్' అంటే ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకుపోవడం, ఎత్తి రాయడం. తెలుగు వ్యవహారంలో 'అసలు' అనగానే రైతుకు ముందు తట్టేది వడ్డీకి జతగా వచ్చే అసలే. ఆ తరువాతే 'నిజమైనది' అనే అర్థం. 'నకలు' మాటకు ఏ దోషమూ అంటలేదు. రెవెన్యూ కార్యాలయంలో అడంగల్ నకలు, రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నకలు చట్టం గుర్తించే ప్రతులు. అదే ధాతువు నుండి వచ్చిన 'నకిలీ' మాత్రం పూర్తిగా మోసాన్ని చెబుతుంది. నకిలీ నోటు, నకిలీ విత్తనం, నకిలీ పురుగుమందు అనే ప్రయోగాల్లో అర్థసందిగ్ధత లేదు. అంటే సక్రమమైన ప్రతికీ, మోసపు ప్రతికీ మధ్య భేదాన్ని అచ్చుల మార్పుతో తెలుగు ఎప్పుడో నిలుపుకుంది.

విడిభాగాల దుకాణంలో ఈ భేదం చెరిగిపోయింది. అక్కడి మాటలు 'ఒరిజినల్', 'డూప్లికేట్'. కొన్నిచోట్ల వాటికి బదులు 'కంపెనీ', 'లోకల్' వినిపిస్తాయి. ఇంగ్లీషులో 'డూప్లికేట్' అనే మాట మొదట నకలుకే సమానార్థకం. తాళంచెవికి, మార్కుల పత్రానికి డూప్లికేట్ తీసుకున్నామంటే తెలుగులోనూ తప్పు పట్టరు. వస్తువు విషయానికి వచ్చేసరికి అదే మాట 'నకిలీ' అర్థంలో స్థిరపడింది. అర్థాపకర్షకు ఇది మంచి ఉదాహరణ. దీని ఫలితం పదచరిత్రతో ఆగలేదు. వాహన సంస్థ పెట్టెలో రాని ప్రతి ఫిల్టరూ 'డూప్లికేట్' అయిపోయింది. ప్రపంచమంతటా పేరున్న ఫిల్టరు సంస్థ సొంత ముద్రతో అమ్మే సరుకు, ఊరూ పేరూ లేని పెట్టెలో వచ్చే సరుకు, ఇతరుల ముద్రను దొంగిలించిన సరుకు ఒకే మాట కిందికి వచ్చాయి. 'లోకల్' అనే మాట ఇంకొంచెం తికమక పెడుతుంది. అది తయారైన చోటును చెప్పదు, నాణ్యతపై తీర్పు చెబుతుంది.

మూడవ రకాన్ని 'నకిలీ' అనడంలో ఇబ్బంది లేదు. మధ్య రకాన్ని 'నకలు' అనడం కూడా పూర్తిగా సరికాదు. ఎందుకంటే అది దేనికీ ప్రతి కాదు, అదే కొలతలతో అదే పనికి మరొకరు తయారు చేసిన వస్తువు. దానికి 'ప్రత్యామ్నాయం' అనే మాట ఇక్కడ వాడడమైనది. దుకాణంలో నోరు తిరిగే మాట కాదన్నది నిజమే. 'వేరే కంపెనీది' అని జనం అప్పుడప్పుడు అనే మాట దానికన్నా సూటిగా ఉంది.

వృత్తిపదాల సేకరణలో తెలుగు వెనుకబడిన భాష కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించారు. నాగలి, గొర్రు, గుంటక, బండి భాగాలకు ప్రాంతాలవారీగా ఉన్న పేర్లను నమోదు చేసిన కృషి అది. ఎద్దుల సేద్యం నాటి ఆ పదసంపద పక్కన నేటి ట్రాక్టరు షెడ్డు భాషను కూడా చేర్చవలసి ఉంది. 'ఇంజను ఆయిలు తాగుతోంది', 'బోరుకు వచ్చింది' వంటి పలుకుబడులు నిఘంటువులకు ఎక్కవలసినవి. ఈ రెండింటిలోనూ ఇంజను అరుగుదలకు మెకానిక్కు ఇచ్చే నిదానం ఉంది. ఫిల్టరు విఫలమైన సంగతి తరచుగా ఈ మాటల ద్వారానే యజమానికి తెలుస్తుంది, అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

ఇదే ప్రాంతపు రైతుకు తన పంట విషయంలో మాటల కరువు లేదు. మిర్చియార్డులో కాయను డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, తాలు అని విడదీస్తారు. తేజ, 341 వంటి రకాలు వేరు, రకంలోపలి తరగతులు వేరు. పత్తి కొనుగోలు కేంద్రంలో పింజ పొడవు, మైక్రోనేర్, తేమ శాతం అంకెలుగా చర్చకు వస్తాయి. మద్దతు ధరకు తేమ 8 శాతం దాకా కోత లేదు, 12 శాతం దాటితే కొనుగోలే లేదు. అమ్మేచోట ఇన్ని అంతరాలను గుర్తుపట్టే మనిషి కొనేచోట రెండు మాటలతో సరిపెట్టుకోవలసి రావడం గమనించదగిన విషయం.

3. తూర్పార, జల్లెడ, వడపోత:

'ఫిల్టర్' అనే మాటకు మూలం ఉన్నిని అదిమి చేసిన బట్టను సూచించే మధ్యయుగ లాటిన్ పదం. ద్రవాలను ఆ బట్టగుండా పోసేవారు. తెలుగు 'వడపోత' కూడా ద్రవాలకు సంబంధించినదే. గాలిని శుభ్రం చేయడానికి తెలుగులో ప్రత్యేకమైన మాట లేదు. అయినా ట్రాక్టరు గాలి ఫిల్టరు లోపల జరిగే మూడు పనులకు తెలుగు రైతు ఇంట మూడు మాటలు సిద్ధంగానే ఉన్నాయి.

మొదటిది తూర్పార. ట్రాక్టరు బానెట్టు మీదనో పక్కనో కనిపించే ముందస్తు శుద్ధి గిన్నెలో గాలి గిరగిర తిరుగుతుంది. బరువైన ఇసుక రేణువులు గాలితో మలుపు తిరగలేక పక్కకు విసరబడి గిన్నెలో పడతాయి. తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గరా పొల్లు దూరంగా పడడానికి కారణమైన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. రెండవది జల్లెడ. పత్తిపీచు, ఎండాకు, మిరప తొక్కు వంటివి వల దగ్గర ఆగిపోతాయి. ఇవి ఇంజను లోహాన్ని అరగదీసేంత గట్టివి కావు, దారిని మూసేస్తాయంతే. అందుకే పత్తి మోసే కాలంలో ముందస్తు గిన్నెను, రేడియేటరు జాలీని రోజూ చూడడం ఫిల్టరు ఏ కంపెనీది అనే ప్రశ్నకన్నా ముందుగా చేయవలసిన పని.

మూడవది అసలైన వడపోత. మడతలు మడతలుగా పెట్టిన కాగితం ఆ పని చేస్తుంది. కాగితం రంధ్రాలకన్నా పెద్ద రేణువులే ఆగుతాయనుకోవడం సగం నిజం. రంధ్రంకన్నా చిన్న రేణువులు కూడా పీచుకు తగిలి అంటుకుంటాయి. మరీ సూక్ష్మమైనవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ కదిలి పీచుకు చిక్కుతాయి. కొంత దుమ్ము పేరుకున్నాక ఆ దుమ్ము పొరే మరొక వడపోతగా మారుతుంది. కొత్త బట్టలో పోసిన మొదటి చెంబు నీళ్లు కాస్త మట్టితో దిగి, తరువాతవి తేరుగా దిగినట్లే కాగితపు ఫిల్టరు కూడా వాడకంలో కొంతదూరం మెరుగుపడుతుంది. గాలి లాగుడు భారమయ్యే దశ ఆ తరువాత వస్తుంది. రోజూ ఫిల్టరు తీసి నేలకేసి కొట్టే అలవాటు ఈ కారణం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపుకు జారుతుంది, రబ్బరు అంచు వదులవుతుంది. పంక్చరు షాపు గాలితో ఊదడం ఇంకా ప్రమాదం. ఊదవలసి వస్తే లోపలి నుండి బయటికి, సుమారు 2 బార్లకు మించని ఒత్తిడితో ఊదాలి. పంక్చరు షాపు కంప్రెసరులో ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. రెండు ఎలిమెంట్లున్న ఫిల్టరులో లోపలి చిన్న ఎలిమెంటును శుభ్రం చేయకూడదు, మార్చడమే.

పాత ట్రాక్టర్లలో కాగితానికి బదులు ఆయిలు తొట్టి ఉండేది. గాలి ఆయిలును తాకి పైకి లేచి, తీగచుట్టలో చిక్కిన ఆయిలు తడికి దుమ్మును అంటించి వెళ్లేది. సూక్ష్మమైన దుమ్మును ఆపడంలో అది కాగితానికి సాటిరాదు. కానీ దానికి ఒరిజినల్, డూప్లికేట్ అనే పేచీ లేదు. తొట్టి కడగడం, గీతదాకా ఆయిలు పోయడం, అంతే.

రేగడి దుమ్ము గురించి ఒక మాట. రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. బంకమన్ను రేణువు 2 మైక్రాన్లకన్నా చిన్నది, మెత్తనిది. దానితో కలిసి లేచే సన్నని ఇసుకలోని క్వార్ట్జ్ మాత్రం మోస్ కాఠిన్య మానంలో 7వ స్థానంలో ఉంటుంది. సిలిండరు గోడను, పిస్టన్ రింగును గీసేది అదే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజను భాగాల మధ్య ఆయిలు పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఆ సందులో పట్టేంత చిన్నవై, రెండు పక్కలా గీయగలిగేంత పెద్దవైన రేణువులే ప్రమాదకరం. అవి కంటికి కనిపించేవి కావు.

4. తొంభైతొమ్మిదికీ, తొంభైతొమ్మిదిన్నరకీ పైన:

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 12 కిలోల గాలి కావాలి. అది దాదాపు 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్లు. డీజిలు ఇంజను ఎప్పుడూ అవసరానికి మించి గాలి పీలుస్తుంది కాబట్టి ఇది కనీసపు అంకె. గంటకు 4 లీటర్లు తాగే ట్రాక్టరు 250 గంటల పనిలో కనీసం 10,000 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. లెక్క సులువు కోసం ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల దుమ్ము ఉందనుకుంటే ఫిల్టరు ముందుకు వచ్చే దుమ్ము ఒక కిలో. నూటికి 99 పాళ్లు ఆపే ఫిల్టరు 10 గ్రాములు లోపలికి వదులుతుంది. 99.9 పాళ్లు ఆపేది ఒక్క గ్రాము వదులుతుంది. పరీక్షలో 99 మార్కులకూ, 99.9 మార్కులకూ తేడా కనబడదు. ఇంజనుకు ఆ తేడా పదిరెట్లు.

ఒరిజినల్, ప్రత్యామ్నాయం, నకిలీల మధ్య తేడా ఎక్కడ ఉంటుందో ఈ లెక్కనుబట్టి తెలుస్తుంది. చూపుకు మూడూ ఒకేలా ఉంటాయి. మూడూ దుమ్ములో చాలా భాగాన్ని ఆపుతాయి, బండి మూడింటితోనూ నడుస్తుంది. 'డూప్లికేట్ వేసినా ఏం కాలేదు' అన్న అనుభవం అబద్ధం కాదు, అది ఒక కారుకు సరిపోయిన అనుభవం. ఆపకుండా వదిలిన చివరి ఒక్క పాలులోనే తేడా అంతా ఉంది. దాని ఫలితం మరుసటి దుక్కికో, ఆపై సంవత్సరానికో బయటపడుతుంది.

గాలి ఫిల్టర్లను పరీక్షించడానికి ఐ.ఎస్.ఓ. 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పరీక్షకు వాడే దుమ్మును కూడా ఐ.ఎస్.ఓ. 12103 నిర్దేశిస్తుంది. అందులో సన్నని దుమ్ము, ముతక దుమ్ము అని తరగతులున్నాయి. ఈ ప్రమాణం ప్రకారం ఎంత శాతం ఆపుతుంది, ఎన్ని గ్రాముల దుమ్ము పట్టాక నిండిపోతుంది, గాలికి ఎంత అడ్డు తగులుతుంది అనే మూడు అంకెలు వస్తాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీపడతాయి. కాగితాన్ని చిక్కగా చేస్తే ఎక్కువ ఆపుతుంది కానీ త్వరగా నిండుతుంది. మడతలు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది కానీ దుమ్ము పట్టే చోటు తగ్గుతుంది. చౌక ఫిల్టరులో సాధారణంగా మొదట తగ్గేది మడతల సంఖ్య. అది చేత్తో లెక్కపెట్టి చూడగలిగిన విషయం.

కాగితంకన్నా ముందు అంచును చూడాలి. ఎంత మంచి కాగితమైనా అంచున ఉన్న రబ్బరు వలయం గూడుకు సరిగ్గా అతుక్కోకపోతే గాలి కాగితంగుండా పోదు, సందుగుండా పోతుంది. కొత్త ఫిల్టరు వేసిన కొన్ని రోజులకు ఇంజనువైపు గొట్టం విప్పి లోపల తెల్లని బట్టతో తుడిచి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. బట్టకు మట్టి అంటితే పెట్టె మీద ఏ పేరున్నా అది పనికిరాని ఫిల్టరే, లేదా సరిగా బిగించని ఫిల్టరు.

5. ఆయిలు ఫిల్టరు:

వాహనాల ఆయిలు ఫిల్టరు 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ రూపొందించిన 'ప్యూరోలేటర్'తో మొదలైంది. 'ఆ తరువాత స్వచ్ఛమైన ఆయిలు' అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటలను కుదించి పెట్టిన పేరది. గాలి ఫిల్టరును విప్పి చూడవచ్చు. డబ్బా రూపంలో బిగించే ఆయిలు ఫిల్టరును కోస్తే తప్ప లోపల ఏముందో తెలియదు. నకిలీకి ఇది ఎంతో అనుకూలం.

డబ్బాలో కాగితంతో పాటు రెండు కవాటాలు ఉంటాయి. కాగితం మూసుకుపోయినప్పుడో, చలికి ఆయిలు చిక్కబడినప్పుడో ఇంజనుకు ఆయిలు అందకుండా పోకూడదు కాబట్టి ఒక కవాటం తెరుచుకుని, వడపోయని ఆయిలునే లోపలికి పంపుతుంది. ఆయిలు లేకపోవడంకన్నా మురికి ఆయిలు నయం అనే సూత్రం మీద ఈ ఏర్పాటు ఉంది. కొన్ని ఇంజన్లలో ఈ కవాటం డబ్బాలో కాక ఇంజను దిమ్మెలోనే ఉంటుంది. రెండవది రబ్బరు పొర. ఇంజను ఆపినప్పుడు డబ్బాలోని ఆయిలు కిందికి జారకుండా పట్టి ఉంచుతుంది. అది లేకపోతే ఉదయం స్టార్టు చేసిన మొదటి కొన్ని క్షణాలు బేరింగులు ఎండుగా తిరుగుతాయి. ఆ క్షణాల గలగల శబ్దం మెకానిక్కులకు బాగా తెలిసినదే.

మొదటి కవాటపు స్ప్రింగు బలహీనంగా ఉంటే అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. ఆయిలు ఒత్తిడి దీపం వెలగదు, మీటరు సరిగానే చూపుతుంది, ఇంజను మామూలుగానే నడుస్తుంది. ఫిల్టరు మాత్రం ఏ పనీ చేయదు. దారం, రబ్బరు వలయం సరిపోయాయి కనుక 'సైజు కలిసింది' అని వేరే బండి ఫిల్టరును బిగించడంలో ఉన్న ప్రమాదమూ ఇదే. పైకొలత కలిసినా కవాటం తెరుచుకునే ఒత్తిడి కలవకపోవచ్చు. కలపవలసింది భాగం సంఖ్యను, డబ్బా చుట్టుకొలతను కాదు.

పెట్టె మీద 'ఇన్ని మైక్రాన్లు' అని అచ్చయిన అంకెకు అదొక్కటే ఉంటే విలువ లేదు. ఆ పరిమాణపు రేణువుల్లో ఎన్ని పాళ్లు ఆపుతుందో కూడా చెప్పాలి. దీనికి ఐ.ఎస్.ఓ. 4548 ప్రమాణంలో బీటా నిష్పత్తి అనే కొలత ఉంది. ఫిల్టరుకు ముందు ఉన్న రేణువుల సంఖ్యను, దాటిన తరువాత ఉన్న సంఖ్యతో భాగిస్తే వచ్చేది బీటా. బీటా 2 అయితే సగం ఆగాయి. 20 అయితే 95 శాతం, 75 అయితే 98.7 శాతం, 200 అయితే 99.5 శాతం. '20 మైక్రాన్లు' అని రాసుకున్న రెండు ఫిల్టర్లలో ఒకటి సగం రేణువులను ఆపేది, మరొకటి దాదాపు అన్నిటినీ ఆపేది కావచ్చు. రెండు చోట్లా అచ్చయిన మాట అబద్ధం కాదు.

6. ఒరిజినల్ ఎవరిది?

వాహన సంస్థల్లో అధికభాగం ఫిల్టర్లను సొంతంగా తయారు చేయవు. ఫిల్టర్ల తయారీలో ఆరితేరిన సంస్థల నుండి తమ కొలతలకు అనుగుణంగా చేయించుకుని, తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. మాన్ హుమ్మెల్, మాలే, బాష్, డొనాల్డ్‌సన్, ఫ్లీట్‌గార్డ్, మన దేశపు ఎలోఫిక్ వంటివి ఫిల్టర్ల రంగంలో తెలిసిన పేర్లు. ఇటువంటి సంస్థలు వాహన సంస్థలకు సరఫరా చేస్తూనే సొంత ముద్రతో బజారులోనూ అమ్ముతాయి. అప్పుడు ఒరిజినల్‌కూ, ప్రత్యామ్నాయానికీ మధ్య తేడా పెట్టె, ధర, వాహన సంస్థ తరఫు తనిఖీ అనే మూడింటికి పరిమితం కావచ్చు. అన్ని సందర్భాల్లోనూ రెండూ ఒకే సరుకని దీని అర్థం కాదు. ఒకే సంస్థ రెండు ధరలకు రెండు రకాల కాగితం వాడవచ్చు. 'కంపెనీది కాదు కాబట్టి డూప్లికేట్' అనే తర్కం మాత్రం ఇక్కడ నిలవదు.

విడిభాగాల బజారు ఎవరి చేతుల్లో ఉండాలన్నది న్యాయవేదికలకు ఎక్కిన ప్రశ్న. షంషేర్ కటారియా ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో 14 కార్ల సంస్థలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు స్వతంత్ర మెకానిక్కులకు, బహిరంగ మార్కెట్టుకు అందకుండా అడ్డుకున్నారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్త షరతు పెట్టరాదని కూడా ఆ ఉత్తర్వు ఆదేశించింది. ఆ జరిమానా పై వేదికల్లో సవాలుకు గురైంది. అది కార్లకు సంబంధించినదే కానీ ట్రాక్టర్లకు సంబంధించినది కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం ఫలానా ముద్ర ఉన్న భాగమే వాడాలని వారంటీకి ముడిపెట్టడాన్ని సాధారణంగా అనుమతించదు. 'ఒరిజినలే వేయాలి' అనే సలహాలో ఇంజను క్షేమంతో పాటు అమ్మేవారి లాభం కూడా కలిసి ఉందని ఈ వివాదాలు గుర్తుచేస్తాయి. సలహా తప్పని కాదు, అది నిష్పక్షపాతమైనది కాదు.

వారంటీ కాలంలో ఉన్న బండికి ఒరిజినల్ ఫిల్టరే వేయించడం వ్యావహారికంగా మంచిది. వారంటీ పుస్తకంలోని షరతు మీద వాదించి గెలవడానికి పట్టే కాలంతో పోలిస్తే మిగిలే డబ్బు స్వల్పం. వారంటీ దాటాక, తెలిసిన ఫిల్టరు సంస్థ ప్రత్యామ్నాయాన్ని భాగం సంఖ్య సరిచూసి కొంటే నష్టం లేదు. రేగడి దుక్కిలో, డొంకల్లో తిరిగే బండికి మిగిలిన సొమ్ముతో ఫిల్టరును గడువుకన్నా ముందే మార్చుకోవచ్చు. సంవత్సరమంతా దులిపి దులిపి వాడిన ఒరిజినల్‌కన్నా పంటకు ఒకసారి మార్చిన మంచి ప్రత్యామ్నాయం మేలు. పేరులేని పెట్టె మాత్రం ఏ ధరకూ లాభసాటి కాదు.

7. నకిలీ జాడ:

నకిలీ తయారుచేసేవారు పేరులేని సరుకును అనుకరించరు. బాగా అమ్ముడయ్యే ముద్రనే దొంగిలిస్తారు. అందువల్ల 'ఒరిజినల్' అనే నమ్మకం ఎక్కడ గట్టిగా ఉంటుందో నకిలీకి అక్కడే చోటు దొరుకుతుంది. వాహన సంస్థ పెట్టె, ముద్ర, హోలోగ్రాం ఉన్నంత మాత్రాన అది అసలు కాదు. విత్తనాల విషయంలో ఈ ప్రాంతం ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్చుకుంది. పేరున్న మిరప, పత్తి విత్తన సంచులకే నకిలీలు పుట్టాయి.

ఆయిలు ఫిల్టరు కొనేటప్పుడు దుకాణంలోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. నడిమి రంధ్రంలోని మరచుట్లు శుభ్రంగా, పొరలు లేకుండా ఉండాలి. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనుక రబ్బరు పొర కనిపించాలి, వేలితో నొక్కితే సాగి తిరిగి రావాలి. డబ్బా అంచు మడత సమంగా ఉండాలి. రబ్బరు వలయం గాడిలో కదలకుండా కూర్చోవాలి. గాలి ఫిల్టరులో మడతల మధ్య దూరం సమంగా ఉందా, కాగితం చివరలు జిగురులో పూర్తిగా మునిగాయా, వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొనంత కాంతిచుక్క ఎక్కడైనా కనిపిస్తుందా అని గమనించాలి. బరువు కూడా సాక్ష్యమే. పాత ఫిల్టరును వెంట తీసుకుపోవడం వల్ల ఈ పోలికలన్నీ సులువవుతాయి. మార్చిన ఆయిలు ఫిల్టరును షెడ్డులోనే కోయించి కాగితాన్ని విప్పి చూస్తే మరింత తెలుస్తుంది. కాగితం నలిగి ఒకవైపుకు కూలిపోయి ఉంటే, 250 గంటలు తిరిగినా తెల్లగానే ఉంటే ఆయిలు దానిగుండా పోలేదని అర్థం.

8. చీటీ మీద ఏముండాలి:

ఇతరుల ముద్రను తప్పుగా వాడడం, అటువంటి సరుకు అమ్మడం ట్రేడ్ మార్కుల చట్టం 1999లోని 103, 104 సెక్షన్ల ప్రకారం నేరాలు. ఆరు నెలల నుండి మూడేళ్ల దాకా జైలు, రూ. 50,000 నుండి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కూడా అసలుదిగా చెప్పి అమ్మే నకిలీ సరుకును విడిగా నిర్వచించింది. ప్యాకెట్టు సరుకు మీద తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. ఈ రక్షణలన్నీ కాగితం ఉన్నవారికే అక్కరకు వస్తాయి.

విత్తనం కొన్న రైతు పంట చేతికి వచ్చేదాకా బిల్లు, ఖాళీ సంచి దాచుకుంటాడు. మొలకరాకపోతే, కాపు తేడా వస్తే పరిహారం అడగడానికి అవే ఆధారమని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది. ఫిల్టరు విషయంలో ఆ అలవాటు లేదు. మెకానిక్కే తెచ్చి వేస్తాడు, మొత్తం మీద ఒక అంకె చెబుతాడు, తెల్లకాగితం మీద 'ఆయిలు, ఫిల్టరు' అని రెండు మాటలు ఉంటాయి. ఆరు నెలలకు ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టినప్పుడు ఏ ఫిల్టరు వేశారో చెప్పే ఆధారం ఉండదు. 'ఒరిజినలే వేశాను' అన్న మాట అబద్ధమని నిరూపించడానికీ, నిజాయితీ గల మెకానిక్కు తనను సమర్థించుకోవడానికీ కూడా దారి లేదు.

బిల్లు మీద 'ఒరిజినల్' అని రాయించుకోవడం కన్నా తయారీ సంస్థ పేరు, భాగం సంఖ్య, తేదీ రాయించుకోవడం ఉపయోగకరం. పై మూడు రకాల భేదం ఆ మూడు వివరాలతో దానంతటదే తేలుతుంది. ఒరిజినల్ అయితే వాహన సంస్థ సంఖ్య, ప్రత్యామ్నాయమైతే ఫిల్టరు సంస్థ సంఖ్య ఉంటాయి. నకిలీ అమ్మేవారు సంఖ్య వేసి సంతకం చేయడానికి వెనుకాడతారు. ఖాళీ పెట్టెను పారేయకుండా దానిమీద ట్రాక్టరు గంటల మీటరు అంకెను పెన్నుతో వేసి, విత్తన సంచులు దాచే చోటే దాచవచ్చు.